జాన్ ఫిలిప్ సూసా

జాన్ ఫిలిప్ సూసా (నవంబర్ 6, 1854 - మార్చి 6, 1932) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బ్యాండు మాస్టరు, స్వరకర్త. సైనిక కవాతులకు, ఊరేగింపులకు, పాఠశాల ఉత్సవాలకు అనువైన 136 కవాతు బాణీలను రచించి కవాతు బాణీల రాజుగా పేరుగాంచాడు. అమెరికా జాతీయ కవాతు బాణీగా గుర్తింపు పొందిన 'ద స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' ఈయన రచనే. 12 సంవత్సరాలపాటు అమెరికా మెరైన్ దళపు బ్యాండుకు, ఆ తరువాత దాదాపు 40 సంవత్సరాలపాటు తన సొంత బ్యాండుకు నాయకత్వం వహించాడు.

సూసా పేరు సంగీత చరిత్రలోనే గాక కాపీహక్కుల చట్టాల చరిత్రలో కూడా నిలిచిపోయింది. స్వరకర్త సృష్టించిన బాణీకి ఎవరు నకలు తీసినా స్వరకర్తకు అందులో భాగం ఉండాలని వాదించి, అమెరికాలో 1909 నాటి కాపీహక్కు చట్టం రూపొందడానికి దోహదం చేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఆయన బాణీలను అన్నిటికంటే ఎక్కువగా వాయించినవి పాఠశాల బ్యాండ్లు. ఆయన మరణించిన తరువాత జిరాక్సు యంత్రాలు వచ్చి, స్వరలిపి ప్రతులను నకలు తీయడం గురించి అత్యధికంగా చర్చ జరిగింది కూడా ఆ పాఠశాలల్లోనే.

బాల్యం, విద్యాభ్యాసం

సూసా వాషింగ్టన్ నగరంలో మెరైన్ దళపు బ్యారక్‌లకు సమీపంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఇతడు మూడవవాడు. తండ్రి ఆంటోనియో స్పెయిన్‌లో పోర్చుగీసు తల్లిదండ్రులకు పుట్టి, అమెరికాకు వలస వచ్చి, మెరైన్ బ్యాండులో ట్రాంబోను వాయించేవాడు. తల్లి ఎలిజబెత్ జర్మనీలోని బవేరియా ప్రాంతానికి చెందినది. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్న రోజులు కావడంతో రాజధాని వీధులలో నిత్యం సైనిక బ్యాండ్ల చప్పుడు వింటూ పెరిగాడు. చిన్నతనంలోనే జాన్ ఎస్పుటా నడిపే సంగీత పాఠశాలలో చేరి వయోలిన్ మొదలైన వాద్యాలను అభ్యసించాడు.

పదమూడేళ్ళ వయసులో ఒక సర్కస్ బ్యాండుతో కలిసి ఇల్లు విడిచి పారిపోవడానికి సిద్ధపడ్డాడు. సంగతి తెలుసుకున్న తండ్రి అతడిని మెరైన్ దళపు అధికారి వద్దకు తీసుకువెళ్ళి, 1868 జూన్ 9న మెరైన్ బ్యాండులో శిక్షణార్థిగా చేర్పించాడు. అక్కడ పనిచేస్తూనే జార్జి ఫెలిక్స్ బెంకర్ట్ వద్ద వయోలిన్, స్వరరచన నేర్చుకున్నాడు. 1875లో బ్యాండును విడిచి నాటకశాలల వాద్యబృందాలలో వయోలిన్ కళాకారుడిగా, నిర్దేశకుడిగా జీవనం సాగించాడు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో ప్రసిద్ధ స్వరకర్త జాక్ ఆఫెన్‌బాక్ నిర్దేశకత్వంలో వయోలిన్ వాయించాడు.

'పినఫోర్' అనుభవం

1879లో సూసా 'హెచ్.ఎం.ఎస్. పినఫోర్' అనే హాస్య సంగీత నాటకాన్ని ప్రదర్శించే ఒక బృందానికి సంగీత నిర్దేశకుడయ్యాడు. ఇంగ్లండుకు చెందిన గిల్బర్ట్, సలివన్ జంట రచించిన ఈ నాటకం ఆ కాలంలో అమెరికాను ఒక ఊపు ఊపింది. విదేశీయుల రచనలకు అమెరికా చట్టంలో అప్పటికి రక్షణ లేదు. అందువలన అనేక బృందాలు రచయితలకు ఏమీ చెల్లించకుండానే దానిని ప్రదర్శించుకున్నాయి. అచ్చులో దొరికే గాత్ర, పియానో ప్రతిని ఆధారం చేసుకొని, వాద్యబృందానికి కావలసిన భాగాలను ఎవరికి వారే వ్రాయించుకునేవారు. సూసా కూడా తన బృందం కొరకు అటువంటి వాద్యరచన చేశాడు. తరువాతి కాలంలో స్వరకర్తల హక్కులకై పోరాడిన వ్యక్తి వృత్తి జీవితపు తొలినాళ్ళలో, చట్టంలోని ఆ లోపం వలన నడిచిన ప్రదర్శనలలోనే పనిచేశాడన్నది గమనార్హం. విదేశీ రచనలకు కొన్ని షరతులతో రక్షణ కల్పించే చట్టం అమెరికాలో 1891లో గాని రాలేదు.

ఈ నాటక బృందంలోనే సూసాకు జేన్ బెలిస్‌తో పరిచయమయింది. 1879 డిసెంబర్ 30న వారి వివాహం జరిగింది. ఈ దంపతులకు ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు.

మెరైన్ బ్యాండు నాయకత్వం

1880 అక్టోబర్ 1న, ఇరవై ఆరేళ్ళు నిండకముందే, సూసా మెరైన్ బ్యాండు నాయకుడయ్యాడు. అధ్యక్ష భవనంలో జరిగే విందులు, వేడుకలలో వాయించడం ఈ బ్యాండు విధి. హేస్, గార్‌ఫీల్డ్, ఆర్థర్, క్లీవ్‌లండ్, హారిసన్ అనే ఐదుగురు అధ్యక్షుల హయాములలో సూసా ఈ బాధ్యత నిర్వహించాడు. సాధనలో కఠిన క్రమశిక్షణ ప్రవేశపెట్టాడు. బ్యాండు గ్రంథాలయంలోని పాత రచనలను తీసివేసి, ఐరోపా స్వరకర్తల రచనలను తెప్పించాడు. నౌకాదళ మంత్రి ఆదేశంపై వివిధ దేశాల జాతీయ గీతాలను, జానపద బాణీలను సేకరించి 1890లో గ్రంథంగా వెలువరించాడు. 1891లో అధ్యక్షుడు హారిసన్ అనుమతితో బ్యాండు తొలిసారి దేశమంతటా పర్యటించింది.

సూసా ప్రసిద్ధ బాణీలలో పెక్కు ఈ కాలంలోనే వెలువడ్డాయి. 1888లో రచించిన 'సెంపర్ ఫిడెలిస్' మెరైన్ దళపు అధికారిక కవాతు బాణీ అయింది. 'ద వాషింగ్టన్ పోస్ట్' బాణీని అదే పేరుగల దినపత్రిక విద్యార్థులకు నిర్వహించిన వ్యాసరచన పోటీ బహుమతి ప్రదానోత్సవం కొరకు రచించాడు. 1889 జూన్ 15న దానిని మొదటిసారి వాయించారు. అప్పుడే వాడుకలోకి వస్తున్న టూ-స్టెప్ అనే నృత్యానికి ఆ బాణీ సరిగ్గా సరిపోవడంతో అది అమెరికాలోను, ఐరోపాలోను మారుమ్రోగింది. 1890లో వాషింగ్టన్ హైస్కూలు విద్యార్థుల కవాతు దళం కొరకు 'ద హైస్కూల్ కెడెట్స్' రచించాడు.

35 డాలర్ల బాణీ

ఒక బాణీ ఎంత ప్రసిద్ధమైనా ఆ రోజులలో స్వరకర్తకు దానివలన వచ్చే ఆదాయానికి ఒకే మార్గం ఉండేది. అది అచ్చయిన స్వరలిపి ప్రతుల అమ్మకం. బ్యాండు వాయించే బాణీకి ఒక్కొక్క వాద్యానికి వేరువేరు కాగితం ఉంటుంది. క్లారినెట్ వాయించేవారికి ఒకటి, కార్నెట్ వాయించేవారికి ఒకటి, డ్రమ్ములకు ఒకటి, ఈ విధంగా ఇరవై ముప్పై కాగితాలు కలిస్తే ఒక సెట్టు అవుతుంది. నడుస్తూ వాయించేటప్పుడు వాద్యానికి తగిలించుకోవడానికి వీలుగా వీటిని చిన్న సైజులో అచ్చువేసేవారు. ఒక బ్యాండు ఒక సెట్టు కొంటే చాలు, ఆ బాణీని ఎన్నిమార్లైనా వాయించుకోవచ్చు. బహిరంగ ప్రదర్శనపై స్వరకర్తకు హక్కు కల్పించే సవరణ అమెరికా చట్టంలో 1897 జనవరిలో గాని రాలేదు.

ఆ ఒక్క మార్గాన్ని కూడా సూసా మొదట్లో వదులుకున్నాడు. 'ద గ్లాడియేటర్', 'సెంపర్ ఫిడెలిస్', 'ద వాషింగ్టన్ పోస్ట్' బాణీలను ఒక్కొక్కటి 35 డాలర్లకు ఫిలడెల్ఫియాకు చెందిన హారీ కోల్‌మన్ అనే ప్రచురణకర్తకు పూర్తి హక్కులతో అమ్మివేశాడు. వాటి అమ్మకాల వలన ప్రచురణకర్త ధనవంతుడయ్యాడు. బ్యాండ్లన్నీ ఆ బాణీలను వాయిస్తూ ఉండగా స్వరకర్తకు మాత్రం అదనంగా ఏమీ రాలేదు. చట్టప్రకారం ఇందులో మోసమేమీ లేదు. అమ్మినది సూసాయే. అయితే నకలుపై హక్కు చేజారితే ఏమి జరుగుతుందో ఈ అనుభవం ఆయనకు జీవితాంతం గుర్తుండేలా నేర్పింది.

సొంత బ్యాండు, రాయల్టీలు

1892లో డేవిడ్ బ్లేక్లీ అనే నిర్వాహకుడి ఆహ్వానంపై సూసా మెరైన్ బ్యాండుకు రాజీనామా చేసి సొంత బ్యాండును ఏర్పాటు చేశాడు. 1892 సెప్టెంబర్ 26న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్ పట్టణంలో తొలి కచేరీ జరిగింది. అప్పటినుండి తన బాణీలను ఏకమొత్తానికి అమ్మడం మానివేసి, జాన్ చర్చ్ కంపెనీతో రాయల్టీ పద్ధతిపై ఒప్పందం చేసుకున్నాడు. ఈ పద్ధతిలో అమ్ముడైన ప్రతి ప్రతిపై స్వరకర్తకు కొంత భాగం ముడుతుంది. 1893లో వెలువడిన 'ద లిబర్టీ బెల్' మొదటి ఏడు సంవత్సరాలలో ఆయనకు 40,000 డాలర్లు సంపాదించిపెట్టింది. నాలుగేళ్ళ క్రితం 35 డాలర్లకు అమ్మిన బాణీతో పోలిస్తే రెండు ఒప్పందాల మధ్య తేడా తెలుస్తుంది.

1896లో సూసా భార్యతో ఐరోపా విహారయాత్రలో ఉండగా బ్లేక్లీ మరణవార్త తెలిసింది. వెంటనే తిరుగు ప్రయాణమైన సూసా ఓడ పైభాగాన పచార్లు చేస్తూ ఉండగా మనసులో ఒక బాణీ రూపుదిద్దుకున్నది. ఇంటికి చేరిన తరువాత దానిని కాగితంపై పెట్టాడు. అదే 'ద స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్'. 1897 మే 14న ఫిలడెల్ఫియాలో దీనిని వాయించినప్పుడు ప్రజలనుండి అపూర్వమైన ఆదరణ లభించింది. సూసా జీవితకాలంలో ఈ ఒక్క బాణీ ద్వారా వచ్చిన ఆదాయం 3 లక్షల డాలర్లకు పైబడిందని చెబుతారు.

సూసా బ్యాండు 1900లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో పాల్గొన్నది. 1901, 1903, 1905 సంవత్సరాలలో ఐరోపాలోను, 1911లో బ్రిటన్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫిజీ, హవాయి మీదుగా ప్రపంచమంతటా పర్యటించింది. 1892 నుండి 1931 వరకు ఈ బ్యాండు 15,623 కచేరీలు చేసింది. 'ఎల్ కేపిటన్' (1896) మొదలైన సంగీత నాటకాలు కూడా సూసాకు పేరు తెచ్చిపెట్టాయి.

యాంత్రిక సంగీతంపై పోరాటం

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గ్రామఫోను రికార్డులు, తమంతట తామే మ్రోగే పియానోలు ఇంటింటికీ రాసాగాయి. ఈ పియానోలు రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టల సాయంతో మ్రోగుతాయి. కంపెనీలు ఒక స్వరలిపి ప్రతిని కొని, దానిని బట్టి వేలకొద్దీ చుట్టలు, రికార్డులు తయారుచేసి అమ్ముకునేవి. వాటిపై స్వరకర్తకు ఏమైనా చెల్లించాలని చట్టంలో ఎక్కడా లేదు.

1906 జూన్‌లో కాపీహక్కు చట్టం సవరణపై అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల సంఘం విచారణ జరిపినప్పుడు సూసా స్వయంగా హాజరై సాక్ష్యమిచ్చాడు. మరొక ప్రసిద్ధ స్వరకర్త విక్టర్ హెర్బర్ట్ కూడా ఆయనకు తోడుగా నిలిచాడు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఆపిల్టన్స్ మ్యాగజైన్‌లో యాంత్రిక సంగీతపు ముప్పు గురించి సూసా ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన వాదనలో రెండు భాగాలున్నాయి. మొదటిది న్యాయానికి సంబంధించినది: తన మెదడులో పుట్టిన బాణీని యంత్రం ద్వారా అమ్ముకునేవారు తనకు వాటా ఇవ్వాలి. రెండవది సంస్కృతికి సంబంధించినది: యంత్రమే పాడి వినిపిస్తుంటే ఇళ్ళలో పిల్లలు సంగీతం నేర్చుకోవడం మానివేస్తారు, ఊళ్ళలో ఔత్సాహికుల బ్యాండ్లు మూతబడతాయి. మొదటి వాదన చట్టంగా మారింది. రెండవ వాదనపై నేటికీ చర్చ జరుగుతూనే ఉన్నది.

సూసా వైఖరిలో వైరుధ్యాలు లేకపోలేదు. ఆయన బ్యాండు పేరుతో పెద్దసంఖ్యలో రికార్డులు వెలువడ్డాయి. అయితే వాటిలో అధికభాగం ఇతరుల నిర్దేశకత్వంలో తయారైనవి. రికార్డింగు గదిలో నిలబడడానికి సూసా ఇష్టపడేవాడు కాదు. రేడియోలో వాయించడానికి 1929 వరకు అంగీకరించలేదు.

ఇంతలో వైట్-స్మిత్ మ్యూజిక్ కంపెనీకి, అపోలో కంపెనీకి మధ్య నడిచిన వ్యాజ్యంలో 1908 ఫిబ్రవరి 24న అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాగితపు చుట్టపై ఉండే రంధ్రాలను మనిషి చూచి చదవలేడు గనుక చట్టం దృష్టిలో అది స్వరలిపికి నకలు కాదని కోర్టు నిర్ణయించింది. ఈ తీర్పు స్వరకర్తలకు ఎదురుదెబ్బ అయింది. దీనిని సరిదిద్దుతూ 1909 మార్చి 4న కొత్త కాపీహక్కు చట్టం ఆమోదం పొందింది. దాని ప్రకారం యంత్రం ద్వారా చేసే ప్రతి నకలుకు స్వరకర్తకు 2 సెంట్లు చెల్లించాలి. అయితే స్వరకర్త ఒకరికి అనుమతిస్తే అదే ధరకు మిగిలినవారందరూ తయారుచేసుకోవచ్చు. ఒకే కంపెనీ అన్ని హక్కులూ కొనివేసి గుత్తాధిపత్యం చెలాయిస్తుందన్న భయంతో కాంగ్రెస్ ఈ ఏర్పాటు చేసింది. 2 సెంట్ల రేటు 1977 చివరివరకు మారలేదు. రక్షణ కాలాన్ని 28 సంవత్సరాలుగాను, పొడిగించుకుంటే మరో 28 సంవత్సరాలుగాను నిర్ణయించారు.

లాభాపేక్షతో జరిగే బహిరంగ ప్రదర్శనకు మాత్రమే స్వరకర్త అనుమతి కావాలని ఈ చట్టం చెప్పింది. అంటే ఉచితంగా వాయించే పాఠశాల బ్యాండు ప్రదర్శన రుసుము కట్టనవసరం లేదు. గ్రంథాలయాలనుండి, ఇతర పాఠశాలలనుండి అరువు తెచ్చుకున్న ప్రతులతో విద్యార్థుల గాయక బృందాలు కొన్ని తరహాల గాత్ర రచనలను పాడుకోవడానికి కూడా ఆ చట్టంలో వెసులుబాటు ఉండేది. వాయించడం, అరువు తెచ్చుకోవడం ఒక ఎత్తు, నకలు తీయడం మరొక ఎత్తు. ఈ భేదమే తరువాతి కాలంలో పాఠశాలలకు ముఖ్యమైనది.

ఆస్కాప్ స్థాపన, హోటళ్ళ వ్యాజ్యం

1914 ఫిబ్రవరి 13న న్యూయార్కులో స్వరకర్తలు, రచయితలు, ప్రచురణకర్తలు కలిసి ఆస్కాప్ అనే సంఘాన్ని స్థాపించారు. విక్టర్ హెర్బర్ట్‌తో పాటు సూసా కూడా దీని వ్యవస్థాపకులలో ఒకడు. భోజనశాలలు, హోటళ్ళు, నాట్యశాలలలో వాయించే సంగీతానికి రుసుము వసూలు చేసి సభ్యులకు పంచడం ఈ సంఘం ఉద్దేశం. హోటల్లో సంగీతం వినడానికి టిక్కెట్టు ఉండదు కనుక అది లాభాపేక్షతో చేసే ప్రదర్శన కాదని యజమానులు వాదించారు. న్యూయార్కులోని ఒక హోటల్లో సూసా రచించిన 'ఫ్రమ్ మెయిన్ టు ఆరెగాన్' బాణీని వాయించినందుకు ఆయన ప్రచురణకర్త జాన్ చర్చ్ కంపెనీ వ్యాజ్యం వేసింది. 1915లో అప్పీలు కోర్టు హోటలుకు అనుకూలంగా తీర్పునిచ్చింది. ఈ వ్యాజ్యాన్ని, హెర్బర్ట్ వేసిన వ్యాజ్యాన్ని కలిపి విచారించిన సుప్రీంకోర్టు 1917 జనవరిలో స్వరకర్తల పక్షాన తీర్పు చెప్పింది. భోజనానికి ఇచ్చే డబ్బులో సంగీతం ధర కూడా కలిసే ఉంటుందన్నది జస్టిస్ హోమ్స్ వ్రాసిన తీర్పు సారాంశం.

అదే 1917లో సూసా రచించిన 'యు.ఎస్. ఫీల్డ్ ఆర్టిలరీ' బాణీ హక్కుల విషయంలో మరొక కోణాన్ని చూపుతుంది. సైనికులు పాడుకునే ఒక పాటను ఎవరు వ్రాశారో తెలియని పాత పాటగా భావించి ఆయన ఈ బాణీలో వాడుకున్నాడు. అది ఎడ్మండ్ గ్రూబర్ అనే సైనికాధికారి 1908లో కట్టిన పాట అని తరువాత తెలిసింది. హక్కుల గురించి ఎంతో ఎరిగిన స్వరకర్త సైతం ఒక పాటకు యజమాని ఉన్నాడో లేడో తెలుసుకోలేని సందర్భాలు ఉంటాయని ఇది తెలుపుతుంది.

పాఠశాల బ్యాండ్లతో అనుబంధం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917 మేలో, అరవై రెండేళ్ళ వయసులో సూసా నౌకాదళపు రిజర్వులో లెఫ్టినెంటుగా చేరాడు. షికాగో సమీపంలోని గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రంలో యువకులకు బ్యాండు శిక్షణనిచ్చాడు. జీతంలో నామమాత్రంగా ఒక డాలరు ఉంచుకొని మిగిలినది నావికుల సహాయ నిధికి ఇచ్చివేశాడు.

యుద్ధం తరువాత అమెరికాలో పాఠశాల బ్యాండ్లు వేగంగా పెరిగాయి. సైనిక బ్యాండ్లలో పనిచేసి వచ్చినవారు ఉపాధ్యాయులయ్యారు. వాద్యాల తయారీదారులు పోటీలను ప్రోత్సహించారు. 1923లో షికాగోలో జాతీయ స్థాయిలో తొలి పాఠశాల బ్యాండు పోటీ జరిగింది. సూసా తన పర్యటనలలో స్థానిక హైస్కూలు బ్యాండ్లను వేదికపైకి ఆహ్వానించి వారిచేత వాయింపజేసేవాడు. వారి పోటీలకు న్యాయనిర్ణేతగా వ్యవహరించాడు. నెబ్రాస్కా (1928), ఇల్లినాయి (1929) మొదలైన విశ్వవిద్యాలయాల కొరకు ప్రత్యేకంగా బాణీలు రచించాడు. మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్లాకెన్ విద్యార్థి సంగీత శిబిరం కొరకు 1931లో 'నార్తర్న్ పైన్స్' రచించి, దాని రాయల్టీలను అక్కడి విద్యార్థుల ఉపకార వేతనాలకు కేటాయించాడు. యంత్రాల వలన పిల్లలు సంగీతానికి దూరమవుతారని 1906లో భయపడిన సూసా, తన చివరి సంవత్సరాలలో వేలాది పిల్లలు వాద్యాలు చేతబట్టడం కళ్ళారా చూశాడు.

మరణం

1932 మార్చి 5న సూసా పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రీడింగ్ పట్టణంలో రింగ్‌గోల్డ్ బ్యాండుతో సాధన చేయించాడు. చివరగా వాయింపజేసినది 'ద స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్'. ఆ రాత్రి గడిచాక, మార్చి 6 తెల్లవారుజామున, బసచేసిన హోటల్లో గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయసు 77 సంవత్సరాలు. వాషింగ్టన్‌లోని కాంగ్రెషనల్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. ఆయన బ్యాండుకు చెందిన స్వరలిపి ప్రతులలో అధికభాగం ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి చేరింది.

అనంతర కాలం: నకళ్ళు, పాఠశాలలు, చట్టం

సూసా కాలంలో ఒక కాగితం పోతే బ్యాండులో ఎవరో ఒకరు కూర్చొని చేతితో నకలు వ్రాసేవారు. అది శ్రమతో కూడిన పని కావడం వలన ప్రచురణకర్తలకు పెద్దగా నష్టం ఉండేది కాదు. 1959లో జిరాక్స్ 914 యంత్రం మార్కెట్లోకి వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఒక సెట్టు కొని, మీట నొక్కి, ఎన్ని సెట్లు కావాలంటే అన్ని తీసుకోవడం సాధ్యమయింది. పాఠశాలలకు సంగీతం అచ్చువేసే ప్రచురణకర్తలకు కొనుగోలుదారులు ప్రధానంగా పాఠశాలలే. పెద్ద రచన సెట్టు ఖరీదు పాఠశాల వార్షిక కేటాయింపులో గణనీయమైన భాగం కావడంతో ఉపాధ్యాయులకు నకలు తీయాలన్న ఒత్తిడి ఉండేది. ఆ నకలు వలన నష్టపోయేది 35 డాలర్లనాటి సూసా వంటి స్వరకర్త అన్నది ప్రచురణకర్తల వాదన.

ఈ విషయంలో ముఖ్యమైన తీర్పు 1962లో వెలువడింది. అయోవా రాష్ట్రంలో ఒక పాఠశాల సంగీతోపాధ్యాయుడు ఒక భక్తిగీతాన్ని తన విద్యార్థులకు అనువుగా మార్చి, పాఠశాలలోని నకలు యంత్రంపై 48 ప్రతులు తీశాడు. తాను చేసిన మార్పు గురించి ఆ తరువాత తానే స్వరకర్తకు తెలియజేశాడు. క్రింది కోర్టు ఉపాధ్యాయుడిని నిర్దోషిగా భావించినా, అప్పీలు కోర్టు అంగీకరించలేదు. చెడు ఉద్దేశం లేకపోయినా, రచన మొత్తాన్ని నకలు తీయడం సముచిత వినియోగం కిందికి రాదని తీర్పు చెప్పింది.

1976లో అమెరికాలో కొత్త కాపీహక్కు చట్టం ఆమోదం పొంది 1978 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. సముచిత వినియోగాన్ని తొలిసారి చట్టంలో చేర్చారు. దానితోపాటు ప్రచురణకర్తల సంఘాలు, సంగీతోపాధ్యాయుల సంఘాలు కలిసి విద్యాబోధనలో సంగీతం వినియోగంపై మార్గదర్శకాలను అంగీకరించాయి. ఇవి చట్టంలో భాగం కాకపోయినా ఉపాధ్యాయులకు ఆధారంగా ఉపయోగపడుతున్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

• కొన్న ప్రతులు పోయి, కచేరీ దగ్గరపడి, కొత్తవి తెప్పించే వ్యవధి లేనప్పుడు నకలు తీసుకోవచ్చు. అయితే తరువాత కొత్త ప్రతులు కొని ఆ నకళ్ళ స్థానంలో ఉంచాలి.
• ప్రదర్శనకు గాక పాఠం చెప్పడానికైతే, రచనలో 10 శాతానికి మించకుండా, విడిగా ప్రదర్శించదగిన పూర్తి భాగం కాకుండా, విద్యార్థికి ఒక్కటి చొప్పున నకలు ఇవ్వవచ్చు.
• కొన్న ప్రతిని విద్యార్థుల స్థాయికి తగినట్లు సులభం చేసుకోవచ్చు. రచన మూలస్వరూపం మాత్రం చెడకూడదు.
• అభ్యాస పుస్తకాలను నకలు తీయరాదు. కొనుగోలు ఖర్చు తప్పించుకోవడానికి నకలు తీయరాదు.
• నకలుపై అసలు ప్రతిలోని కాపీహక్కు సూచన ఉండాలి.

కాలక్రమంలో సూసా బాణీలే కాపీహక్కునుండి విడుదలయ్యాయి. 1897లో ప్రచురితమైన 'ద స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' 56 సంవత్సరాల గడువు ముగిసి 1953లో పబ్లిక్ డొమెయిన్‌లోకి వచ్చింది. ఆయన చివరి సంవత్సరాలలో ప్రచురితమైన బాణీలకు అమెరికా చట్టప్రకారం ప్రచురణనుండి 95 సంవత్సరాల గడువు వర్తిస్తుంది. అయితే ఇక్కడ పాఠశాలలు తరచు పొరబడే అంశం ఒకటున్నది. బాణీ అందరిదీ అయినా, దానిని ఇటీవల ఎవరైనా కొత్తగా పరిష్కరించి లేదా చిన్న పిల్లల బ్యాండుకు అనువుగా మార్చి ప్రచురిస్తే, ఆ మార్పులపై వారికి హక్కు ఉంటుంది. కాబట్టి నకలు తీసేముందు చూడవలసినది స్వరకర్త పేరు మాత్రమే కాదు, చేతిలో ఉన్న కాగితం ఎప్పటిది, ఎవరిది అన్నది కూడా.

ఒకప్పుడు సూసా నాయకత్వం వహించిన మెరైన్ బ్యాండు ఆయన కవాతు బాణీలన్నిటినీ కాలక్రమంలో పరిష్కరించి, వాద్యాలవారీ ప్రతులను, రికార్డింగులను ఉచితంగా అందించే పథకాన్ని చేపట్టి, 2015లో తొలి సంపుటం వెలువరించింది. ప్రభుత్వ ఉద్యోగుల కృషి కనుక అమెరికాలో వీటికి కాపీహక్కు వర్తించదు. ఈ ప్రతులను అక్కడి ఏ పాఠశాల బ్యాండు అయినా ఎన్ని నకళ్ళైనా తీసుకోవచ్చు.

విశేషాలు

• కవాతులో భుజానికి తగిలించుకుని వాయించే సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి వాద్యం ఆయన సూచనపై 1893లో రూపొందింది. అందుకే దానికి ఆయన పేరు వచ్చింది.
• 'ద ఫిఫ్త్ స్ట్రింగ్' (1902), 'పైప్‌టౌన్ శాండీ' (1905), 'ద ట్రాన్సిట్ ఆఫ్ వీనస్' (1920) అనే నవలలు, 'మార్చింగ్ ఎలాంగ్' (1928) అనే ఆత్మకథ రచించాడు.
• 1940లో అమెరికా తపాలా శాఖ ఆయన చిత్రంతో 2 సెంట్ల బిళ్ళను విడుదల చేసింది.
• 1969లో మొదలైన 'మాంటీ పైథాన్' టెలివిజన్ ధారావాహికకు 'ద లిబర్టీ బెల్'ను ఎంచుకోవడానికి అప్పటికి అది పబ్లిక్ డొమెయిన్‌లో ఉండడం ఒక కారణం.
• 1987లో అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా 'ద స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్'ను జాతీయ కవాతు బాణీగా ప్రకటించింది.